తిరుపతి నుంచి పార్సిల్ వ్యాపారం చేసేవాళ్లకు స్పీడ్ పోస్ట్: సమ్మె రోజుల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు, మాధవమాల కొయ్యబొమ్మలు, చిత్తూరు బెల్లం, ఇంట్లో పెట్టిన ఆవకాయ. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో ఆర్డర్లు పట్టుకుని ఇవి అమ్మే చిన్న వ్యాపారుల్లో చాలామందికి తపాలా శాఖే దిక్కు. ప్రైవేటు కొరియర్ వాళ్లు "ఆ పల్లెకు మా సర్వీసు లేదు, టౌనుకొచ్చి తీసుకెళ్లమనండి" అనే చోటికి కూడా పోస్టు పోతుంది. మామూలు రోజుల్లో స్పీడ్ పోస్ట్ ఎలా ఉంటుందో వాడేవాళ్లందరికీ తెలుసు, దానిమీద కొత్తగా చెప్పేదేమీ లేదు. సమ్మె పడ్డప్పుడు సరుకు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఏం చూసుకోవాలి అన్నంతవరకే ఈ రివ్యూ.

మార్కులు ముందే ఇచ్చేస్తాం. చేరే ఊళ్లకు పదికి 9, ధరకు 8, సమ్మె సమయంలో సమాచారం ఇవ్వడానికి 2. ఆ 2 కూడా టోల్ ఫ్రీ నంబరు ఒకటి ఉన్నందుకు.

పేపర్లో "తపాలా సమ్మె" అని కనబడగానే అన్ని ఆర్డర్లూ ఆపేసేవాళ్లు కొందరు, ఏమీ కానట్టు బుక్ చేసేవాళ్లు కొందరు. ఇద్దరూ నష్టపోతారు. పిలుపిచ్చింది ఏ సంఘమో మొదట చూడాలి. తపాలా శాఖలో పని చేసేవాళ్లంతా ఒకే రకం ఉద్యోగులు కారు. ఎవరు పని ఆపారో దాన్నిబట్టి ఆగే చోటు మారిపోతుంది.

పల్లెల్లో బ్రాంచ్ పోస్టాఫీసులు నడిపేది గ్రామీణ డాక్ సేవకులు. అందరూ జీడీఎస్ అంటారు. 2018 మే 22న వాళ్లు నిరవధిక సమ్మెకు దిగితే రెండు వారాలు దాటింది. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం, జీడీఎస్‌ల జీతభత్యాలను పరిశీలించిన కమలేష్ చంద్ర కమిటీ సిఫార్సుల మేరకు భత్యాలు పెంచడానికి ఒప్పుకున్నాకే పరిస్థితి సర్దుకుంది. అప్పుడు ఖరారైన కనీస భత్యం, 4 గంటల పనికి, బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు నెలకు 12,000, మిగతా సేవకులకు 10,000. మళ్లీ 2023 డిసెంబరు 12న, 8 గంటల పని, పెన్షన్ వంటి డిమాండ్లతో ఇంకోసారి దిగారు. ఎర్రటి ఎండలో సైకిలు మీద నాలుగూళ్లు తిరిగే మనిషి అడిగేది ఇదీ అని తెలిశాక, మన పార్సిల్ ఆగిందని వాళ్లమీద కోపం పెట్టుకోవడం కష్టమే.

జీడీఎస్ సమ్మెలో తిరుపతి హెడ్ పోస్టాఫీసు కౌంటర్ తెరిచే ఉంటుంది. బ్యాగులు రైలెక్కుతాయి. హైదరాబాదు ఫ్లాటుకు దుపట్టా చేరిపోతుంది. ఏర్పేడు దగ్గర పల్లెకో, పలమనేరు పక్క ఊరికో పోవాల్సింది మాత్రం సబ్ పోస్టాఫీసు (పల్లె బ్రాంచ్‌లకు పైనుండే ఆఫీసు) దాకా వచ్చి అక్కడ కూర్చుంటుంది. అంటే ఈ సమ్మెలో టౌను ఆర్డర్లు నిశ్చింతగా పంపొచ్చు, పల్లె ఆర్డర్లే ఆపుకోవాలి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పిన్‌కోడ్ చూసి ఇది టౌను, ఇది పల్లె అని విడదీయబోతారు. పిన్‌కోడ్ డెలివరీ చేసే హెడ్ ఆఫీసుదో సబ్ ఆఫీసుదో. దాని కింద ఉండే బ్రాంచ్ ఆఫీసులన్నిటికీ అదే నంబరు. 517501 అంటే తిరుపతి హెడ్ ఆఫీసు అని చెప్పేయొచ్చు గానీ, మండల కేంద్రాల పిన్‌కోడ్లతో అలా కుదరదు. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే "మీకు ఏ పోస్టాఫీసు నుంచి ఉత్తరాలొస్తాయి?" అని అడిగి అడ్రసులో పోస్టాఫీసు పేరు రాయించుకోవాలి. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో పిన్‌కోడ్ కొడితే దాని కిందున్న ఆఫీసులన్నీ కనబడతాయి. పేరు పక్కన బీవో అని ఉంటే బ్రాంచ్, ఎస్‌వో అంటే సబ్ ఆఫీసు, హెచ్‌వో అంటే హెడ్ ఆఫీసు. ఆర్డర్ల షీట్‌లో ఈ మూడు గుర్తులకు ఒక కాలమ్ పెట్టుకుంటే సమ్మె వార్త వచ్చిన రోజు ఐదు నిమిషాల్లో జాబితా తేలిపోతుంది.

రెండో రకం, డిపార్ట్‌మెంటు ఉద్యోగుల సమ్మె. పోస్ట్‌మ్యాన్లు, కౌంటర్ గుమాస్తాలు, ముఖ్యంగా ఆర్‌ఎంఎస్‌ (రైల్వే మెయిల్ సర్వీస్)లో సార్టింగ్, అంటే ఊళ్లవారీగా విడదీసే పని, చేసేవాళ్లు. ఒక స్పీడ్ పోస్ట్ కౌంటర్లో బుక్కై, సాయంత్రానికి బ్యాగులో పడి, సార్టింగ్ హబ్‌కు పోయి, ఊరి ఊరికి విడిపోయి, మళ్లీ బ్యాగులో కట్టబడి, రైలో లారీయో విమానమో ఎక్కి, అవతలి హబ్‌లో ఇదంతా తిరగేసి జరిగాక డెలివరీ ఆఫీసుకు చేరుతుంది. వీటిలో సార్టింగ్ ఆగితే టౌనూ పల్లే తేడా లేకుండా అన్నీ ఆగుతాయి. 2022 ఆగస్టు 10న ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా జరిగిన ఒక్క రోజు సమ్మె ఈ కోవలోది.

ఒక్క రోజే కదా అనుకోవద్దు. సమ్మె నాడు వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన బ్యాగులు విప్పకుండా పడి ఉంటాయి. మర్నాడు రెండు రోజుల సరుకు, ఉన్నది అదే మనుషులు, అవే బల్లలు. రెండో రోజుకు మిగిలింది మూడో రోజుకు తోస్తారు. పక్కన ఆదివారమో పండగో ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఒక రోజు సమ్మెకు నాలుగైదు రోజుల ఆలస్యం లెక్కవేసుకుని కస్టమర్‌కు చెబితే మాట పోదు. "రేపొస్తుంది" అని చెబితే పోతుంది.

మూడోది దేశవ్యాప్త సార్వత్రిక సమ్మె. 2025 జూలై 9న కొత్త కార్మిక కోడ్‌లకు వ్యతిరేకంగా కేంద్ర కార్మిక సంఘాలు పిలుపిచ్చినట్టివి. ఇందులో పోస్టుతో పాటు బ్యాంకులూ రవాణా కూడా తగులుకుంటాయి. పోస్టు ఒక్కటే ఆగినప్పుడు ఆర్టీసీ కార్గోకో ప్రైవేటు కొరియర్‌కో మారొచ్చు. బంద్ నాడు బస్సులే డిపో దాటకపోతే ఆ దారీ మూసుకున్నట్టే. ప్రత్యామ్నాయం ఉందన్న ధీమాతో బంద్ ముందురోజు అర్జెంటు ఆర్డర్ ఒప్పుకోవడం తెలివైన పని కాదు.

ఇవి కాక సమ్మె కాని సమ్మె ఒకటుంది. 2025లో తపాలా శాఖ దేశమంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారింది, ఆగస్టు 4 నాటికి అన్ని ఆఫీసులూ దాని కిందకు వచ్చాయి. ఆ రోజుల్లో సర్వర్లు మొరాయించి కౌంటర్ల దగ్గర బుకింగులు నత్తనడక నడిచాయి. ఎవరూ సమ్మె చేయకపోయినా ఫలితం ఇంచుమించు అదే. రాఖీ పంపేవాళ్ల మీద దెబ్బ ఎక్కువ పడింది, ఎందుకంటే ఆ ఏడు రాఖీ పౌర్ణమి ఆగస్టు 9.

అసలు సమ్మె విషయంలో ఒక వెసులుబాటు మాత్రం చట్టమే ఇచ్చింది. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో తపాలా ప్రజోపయోగ సేవల జాబితాలో ఉండేది, నోటీసిచ్చిన 14 రోజుల్లోపు సమ్మెకు దిగకూడదన్న నియమం దానికి వర్తించేది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ 14 రోజుల నియమం ఉంది. అంటే ప్రకటించిన సమ్మె మీ నెత్తిన హఠాత్తుగా పడదు, రెండు వారాలు చేతిలో ఉంటాయి. ఆఖరి నిమిషంలో చర్చలు ఫలించి విరమించడమూ మామూలే, కాబట్టి నోటీసు చూడగానే దుకాణం కట్టేయాల్సిన పని లేదు.

ఆ రెండు వారాలూ ఇలా వాడుకోవాలి. వారం ముందు క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు ఆపేయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పార్సిల్ ఆలస్యమయ్యేకొద్దీ కొనే మనిషికి మోజు తగ్గుతుంది, పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి "వద్దు సార్" అంటారు. పోయే ఖర్చు, సరుకు తిరిగొచ్చే దాకా ఇరుక్కున్న డబ్బు, నలిగిన ప్యాకింగు, మూడూ మీ నెత్తినే. 700 రూపాయల సరుకు 60 పార్సిళ్లు దారిలో చిక్కుకుంటే 42,000 రూపాయలు. చిన్న వ్యాపారికి అది నెల పెట్టుబడి. ముందుగా యూపీఐలో కట్టినవాళ్లకు చిన్న తగ్గింపు ఇచ్చినా మీకే లాభం.

నాలుగైదు రోజుల ముందు దూరపు ఊళ్లవీ, బీవో అని రాసి ఉన్నవీ పంపేయండి. చెన్నై, బెంగళూరు వంటి దగ్గరి నగరాలవి ఆఖర్న పెట్టుకోవచ్చు. జీడీఎస్ సమ్మెలో టౌను ఆర్డర్లు తప్ప, సమ్మెకు ముందురోజు, సమ్మె రోజు అసలు బుక్ చేయొద్దు, కౌంటర్ తెరిచి ఉన్నా సరే. బుకింగ్ రసీదు వాట్సాప్‌లో పెడితే కస్టమర్‌కు ఆ పూటకు తృప్తి. మర్నాటి నుంచి మీకు ఫోన్లు. విప్పని బ్యాగుల అడుగున నలిగేకంటే మీ ఇంటి అరలో పొడిగా ఉండటమే ఆ సరుకుకు మంచిది. బుక్ చేసిన తేదీయే లెక్కకొచ్చే టెండర్లు, లీగల్ నోటీసుల వంటివాటికి మాత్రం ఈ మాట వర్తించదు, రసీదు మీద తేదీ పడటమే వాటికి కావాలి.

తేదీతో ముడిపడ్డ సరుకు వేరే లెక్క. ఉగాది దాటాక వచ్చిన పంచాంగం, వరలక్ష్మీ వ్రతం అయిపోయాక అందిన చీర, జనవరి నెలాఖరుకు చేరిన క్యాలెండరు, డబ్బు వాపసు ఇచ్చినా కస్టమర్ మళ్లీ మీ దగ్గరకు రారు. ఇలాంటివాటికి సమ్మె నోటీసు ఉన్నా లేకున్నా పండగకు పన్నెండు రోజుల ముందే ఆర్డర్లు కట్టేయడం మేలు.

ప్యాకింగు మామూలు రోజులకు సరిపోయింది సమ్మె వారానికి సరిపోదు. మూడు రోజుల్లో పోయే పార్సిల్ పది రోజులు గుట్ట కింద ఉంటుంది, అదీ మన ఎండల్లో. కలంకారీకి మొదట బటర్ పేపర్ మడతల మధ్య పెట్టి, దాని మీద పాలిథిన్ కవరు, ఆపైన అట్టపెట్టె. బట్ట పూర్తిగా ఆరకుండా, ఇస్త్రీ వేడి తగ్గకుండా కవర్లో పెడితే లోపల చెమ్మ పట్టి మడత గీతల దగ్గర మరకలు పడతాయి. కరక్కాయ, పాలలో నానిన గుడ్డకు సహజంగానే ఒక వాసన ఉంటుంది. ఎక్కువ రోజులు మూసి ఉంటే అది ముక్కుకు కొడుతుంది, కొత్తవాళ్లు పాడైందనుకుంటారు. "గాలికి ఆరేస్తే పోతుంది" అని చీటీ పెడితే ఒక ఫోను తప్పుతుంది.

ఆవకాయ సంగతి మరీ జాగ్రత్త. మూడో రోజు తిరగ్గలపకముందే ప్యాక్ చేసిన కొత్త ఆవకాయ పులిసి గ్యాసు పట్టి సంచి ఉబ్బుతుంది, పైన బరువు పడితే సీలు విచ్చుకుంటుంది. అరకిలో మందపాటి లామినేటెడ్ పౌచ్‌లో బొటనవేలంత ఖాళీ వదిలి, అర అంగుళం ఎడంతో రెండు సీళ్లు వేయాలి. దాన్ని ఇంకో కవర్లో వేసి, చుట్టూ పాత పేపరు కుక్కి, ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టాలి. నూనె కారితే మీ పెట్టె ఒక్కటే కాదు, ఆ బ్యాగులో పక్కనున్న పుస్తకాలూ చీరలూ పాడవుతాయి. అరిసెలు, సున్నుండలు సరిగ్గా చేస్తే ఆగుతాయి. పదిహేను రోజులు నిలవ ఉండని ఏ తిండి వస్తువునూ సమ్మె నోటీసు ఉన్న వారంలో పోస్టులో వేయకండి. అడ్రసు పైన ఒకటి, పెట్టె లోపల ఇంకొకటి రాసి పెట్టండి. పైది చిరిగినా లోపలిది మీ దగ్గరికైనా తిరిగి చేరుస్తుంది.

ధరల సంగతి క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది. అక్టోబరు 1 నుంచి డాక్యుమెంట్లకు కొత్త రేట్లు వచ్చాయి: 50 గ్రాముల దాకా లోకల్‌కు 19, మిగతా దేశానికంతా 47. 250 గ్రాముల దాకా 200 కిలోమీటర్ల లోపు 59, 2,000 కిలోమీటర్లు దాటితే 77. 500 గ్రాములైతే అవే దూరాలకు 70, 93. జీఎస్టీ వేరు. సరుకు పార్సిల్ పద్దు కింద పోతుంది, దాని రేటు వేరు, కౌంటర్లో తూకం చూసుకుని లెక్కగట్టుకోవాలి. పుస్తకాలు అమ్మేవాళ్లకు 2025 మే 1న వచ్చిన జ్ఞాన్ పోస్ట్ చవక, 300 గ్రాములకు 20 నుంచి 5 కిలోలకు 100 దాకా. అది నేల మీది దారిలోనే పోతుంది, సమ్మె తర్వాత గుట్ట తగ్గేటప్పుడు తన వంతుకు ఓపిక పట్టాల్సి వస్తుంది.

ఇంకో 5 రూపాయలు, జీఎస్టీ కడితే ఓటీపీ డెలివరీ ఉంది. ఖరీదైన చీరలకు మంచిదే. కానీ సమ్మె తర్వాతి వారంలో దీనితో ఒక చిక్కు. కస్టమర్ ఫోను నంబరు ఒక్క అంకె తప్పినా, ఆ సమయానికి సిగ్నల్ లేకున్నా పార్సిల్ చేతికివ్వరు. రోజూకంటే రెట్టింపు సంచితో తిరిగే పోస్ట్‌మ్యాన్ గుమ్మం ముందు పావుగంట నిలబడలేరు. నంబరు రెండుసార్లు సరిచూసుకోకుండా ఓటీపీ పెట్టొద్దు.

సమాచారానికి 2 మార్కులే ఎందుకంటే, ట్రాకింగ్‌లో "సమ్మె వల్ల ఆలస్యం" అన్న మాట ఎక్కడా కనబడదు. ఆఖరిసారి స్కాన్ చేసిన చోటు చూపించి ఊరుకుంటుంది. దాన్ని చదవడం మనమే నేర్చుకోవాలి. రెండక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. ఈ నంబరు కొట్టినప్పుడు "బుక్డ్" దగ్గరే ఉంటే బుక్ చేసిన ఆఫీసు గడప దాటలేదు. తిరుపతి హబ్‌లో "బ్యాగ్డ్" అని ఉండి రెండు రోజులు కదలకపోతే ఇక్కడే ఉంది. అవతలి ఊరి డెలివరీ ఆఫీసులో "రిసీవ్డ్" అని ఉంటే మాత్రం సంతోషించాలి. కొన్నవాళ్లు ట్రాకింగ్ నంబరు, ఆధార్ పట్టుకుని ఆ ఆఫీసుకు పోయి అడిగితే, పోస్ట్‌మాస్టర్ ఒప్పుకుంటే, అక్కడే చేతికిస్తారు. జీడీఎస్ సమ్మెలో పల్లెవాళ్లకు ఇదొక్కటే దగ్గరి దారి.

కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సిల్‌ను డెలివరీ ఆఫీసులో మామూలుగా 7 రోజులు ఉంచి వెనక్కి పంపుతారు. సమ్మె వారం ఊరెళ్లే పని ఉంటే ఆ సంగతి అమ్మినవాళ్లకు ముందే చెప్పండి. "ఏమక్కా, నా పార్సిల్ యాడుంది?" అని రోజుకు నాలుగు మెసేజీలు పెట్టేకంటే అది పని చేస్తుంది. అలాగని అమ్మినవాళ్లు "పోస్టాఫీసును అడుక్కోండి" అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

పరిహారం మీద ఆశలు పెట్టుకోవద్దు. స్పీడ్ పోస్ట్ ఆలస్యమైతే కట్టిన చార్జీ వాపసు, పోతే చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఏళ్లుగా ఉన్న నిబంధన ఇదే. సమ్మె వల్ల జరిగిన ఆలస్యానికి ఆ చార్జీ వాపసైనా వస్తుందని లెక్కల్లో రాసుకోకండి. ఇన్సూరెన్సు చేస్తే పోయిన సరుకుకు వస్తుంది, ఆలస్యంగా వచ్చిన సరుకుకు రాదు. ఫిర్యాదు 1800 266 6868కి గానీ వెబ్‌సైట్లో గానీ చేయొచ్చు. రసీదు అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి వాళ్లు పెడితేనే పని సులువు.

పోస్టు పూర్తిగా ఆగినప్పుడు ఏం వాడాలంటే, హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి చోట్లకు ఆర్టీసీ కార్గో. బస్టాండు నుంచి బస్టాండుకు పోతుంది, మామూలుగా కస్టమరే వచ్చి తీసుకోవాలి, బరువైన కొయ్యబొమ్మలకూ బెల్లానికీ బాగా సరిపోతుంది. చిత్తూరు వాళ్లకు బెంగళూరు, వేలూరు దగ్గరే, అటువైపు ప్రైవేటు కొరియర్లే మేలు. పల్లెలకు మాత్రం పోస్టు తేరుకునేదాకా ఆగడమే. సమ్మె ముగిసిన మర్నాడే ఆపిన పార్సిళ్లన్నీ ఒకేసారి కౌంటర్ మీద కుమ్మరించకండి. మొదటి రెండు రోజులు హబ్‌లో పాత గుట్టే తరుగుతుంటుంది. అర్జెంటువి ముందు, మిగతావి మూడో రోజు నుంచి.

విదేశాలకు పంపేవాళ్లు మన దగ్గర సమ్మె లేకపోయినా అవతలి దేశం వార్తలు చూసుకోవాలి. 2024 నవంబరు 15న కెనడా పోస్ట్‌లో దాదాపు 55,000 మంది పని ఆపారు, డిసెంబరు 17 దాకా డెలివరీలు లేవు. సరిగ్గా సంక్రాంతి చీరలకు ఆర్డర్లు పెట్టే కాలం. 2025 సెప్టెంబరు 25న మళ్లీ దిగారు. ఇండియా పోస్ట్ ఇక్కడ బుక్ చేసుకున్నా, అక్కడ గడప దాకా చేర్చేది ఆ దేశపు తపాలాయే. టొరంటోకో వాంకూవర్‌కో ఆర్డర్ ఉంటే, బుక్ చేసే ముందు ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో ఆ దేశానికి బుకింగు ఆపారేమో చూసి, ఆపితే ప్రైవేటు అంతర్జాతీయ కొరియర్ రేటు కస్టమర్‌కు చెప్పి, ఒప్పుకుంటేనే పంపండి.